ఒక్క మనిషి ఎసరు

హైదరాబాదు నుంచి బెజవాడ పోయేవాళ్ళు సూర్యాపేటలో దిగేది ఒక్క పనికే, తినడానికి. ఏ వేళప్పుడు దిగినా ఏదో ఒక పొయ్యి మండుతూనే ఉంటుంది. లారీ డ్రైవర్లకు టీ, పెళ్ళివారి బస్సుకు బిర్యానీ, దవాఖానకొచ్చిన పల్లెటూరివాళ్ళకు ఇడ్లీ. ముఖం తెలియని మనిషికి వండిపెట్టడమే ఈ ఊరి పుట్టుపని అనిపిస్తుంది. అట్లాంటి ఊళ్ళో, కూరగాయల మార్కెట్టు వెనక సందులో, మేడ మీద రెండు గదుల కిరాయి ఇంట్లో, ఒక్క మనిషికి ఎంత వండుకోవాలో నేర్పే ఆమె ఒకతె ఉంది. పేరు కృపారాణి. ముప్పై దాటిందో లేదో, చూస్తే నలభై అనిపిస్తుంది.

బోర్డు లేదు. పై చదువుకు పరాయి దేశం పోయే పిల్లల తల్లులు ఒకరికొకరు చెప్పుకొని వస్తారు. "పొయ్యి మొకం సూడలే మేడం మావోడు, సదువు సదువు అని మేమే రానియ్యలే" అంటారు. తప్పు వాళ్ళదే అయినా ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంటుంది. వీసా చేతికొచ్చాక, సూట్‌కేసు కొన్నాక, చిట్టచివరికి గుర్తొస్తుంది వాళ్ళకు, పిల్ల అక్కడ తినాలి కదా అని.

కృపారాణి నేర్పేది పెద్ద వంటలేం కాదు. కరెంటు కుక్కర్లో అన్నం, అదే కుక్కర్లో పప్పు, కోడిగుడ్డు, టమాట కూర, పెరుగన్నం. కానీ ఆ చిన్న వంటకు ఆ దేశాల్లో ఎన్నో చిక్కులు. నూనె కాగి ఆవాలు చిటపటమంటే ఇంటి కప్పుకు బిగించిన పొగ గంట మోగుతుంది. కిటికీ తెరిస్తే చలి, తెరవకపోతే గంట. అందుకని సన్న సెగ మీద, మూత అడ్డం పెట్టి, దొంగతనం చేసినట్టు పోపు పెట్టడం నేర్పుతుంది. మిర్యాలగూడ నుంచి ఒక రైసుమిల్లు ఆయన కొడుకు వచ్చాడు, సాయికుమార్ అని. బియ్యం కడిగి, నీళ్ళు వంపి, గిన్నె చేతిలో పట్టుకొని అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఏమైంది?"

"యాడ ఆరబొయ్యాలె అక్కా?"

"ఆరబోసుడేంది?"

"మా మిల్లుల నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబోస్తరు గద."

ఆ రోజు అక్కడున్న పిల్లలంతా కడుపు పట్టుకొని నవ్వారు. లారీలకు లారీల ధాన్యం ఆడించే ఇంట్లో పుట్టినవాడికి బియ్యం అన్నమయ్యే దారి తెలియదు. కృపారాణి కూడా నవ్వింది. నవ్వుతుంది ఆమె, నవ్వదని కాదు. తినదు. అంతే.

పాఠం అయిపోయాక వండింది పిల్లలే డబ్బాల్లో పెట్టుకొని పోతారు. ఆమె గిన్నె కడిగి బోర్లిస్తుంది. టీ తాగుతుంది, అందులో బిస్కెట్టు ముంచుకుంటుంది, ఎప్పుడన్నా ఒక అరటిపండు. ఇంటి ఓనరమ్మ ఒకసారి అడిగింది, "డైటింగా?" అని. ఔనంది. సన్నగా ఉండడానికి ఈ కాలంలో అంతకన్నా మర్యాదైన కారణం లేదు.

మొన్న మార్చిలో నిడమనూరు దగ్గరి తండా నుంచి ఒక తల్లీబిడ్డా వచ్చారు. తల్లి పేరు భూలి, బిడ్డ సుకన్య. మిర్యాలగూడలో బస్సు మారి వచ్చేవాళ్ళు. పిల్ల ఒక్కతే రావొచ్చు గాని, భూలి వదిలేది కాదు. గోడకు ఆనుకొని కూచొని, పొయ్యి దగ్గర బిడ్డ చేసే ప్రతి పనినీ చూసేది, మధ్య మధ్య లంబాడీ మాటలో ఏదో అనేది, పిల్ల "యాడీ, నువ్వు ఊకో" అని విసుక్కునేది. యాడీ అంటే వాళ్ళ మాటలో అమ్మ. పిల్ల పోయేది ఆస్ట్రేలియా. కృపారాణి పోయి వచ్చిందీ ఆ దేశమే, ఆ ఊరే.

ఆ రోజు టమాట పప్పు. బాగా కుదిరింది. భూలి గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముద్ద కలిపి, బిడ్డకు పెడుతుందనుకుంటే, లేచొచ్చి కృపారాణి నోటి ముందర పట్టింది.

"నువ్వు తిన్నవా బిడ్డా? ఇన్ని రోజులాయె, నువ్వు నోట్ల మెతుకు పెట్టంగ నేను సూడలే."

తిన్నవా అన్నది అంత పెద్ద మాటేం కాదు. ఈ తట్టున పలకరింపే అది. ఎండలో ఎదురైనా, ఎముకలు కొరికే చలిలో ఎదురైనా, "తిన్నవా" అనే అడుగుతారు, ఎవరూ జవాబు కోసం ఆగరు. భూలి మాత్రం ముద్ద పట్టుకొని ఆగింది. కృపారాణి నోరు తెరిచింది. ముద్ద నోట్లో తిరిగింది, నాలుక మీద కూచుంది, దిగలేదు. వంటింటి తొట్టి దగ్గరకు పోయి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఊసేసింది. తిరిగి చూస్తే భూలి అక్కడే నిలబడి ఉంది.

"పప్పు మంచిగ లేదా?"

"ఉన్నదమ్మా. నాకే..."

"ఎవలకు ఏం మాటిచ్చినవ్ బిడ్డా? మాట గొంతుల అడ్డం పడితె మెతుకు దిగదు" అంది భూలి మెల్లగా. తండాల్లో ఇట్లాంటివి ఊరికే అనేస్తారు. వినేవాళ్ళ గుండెలో ఏముందో వాళ్ళకు తెలిసి అనరు, తెలియకా అనరు. ఆ తల్లీబిడ్డా డబ్బా సర్దుకొని బస్సుకు పోయారు. కృపారాణి తొట్టి దగ్గరే కూచుండిపోయింది, నల్లా కట్టెయ్యడం కూడా మరిచిపోయి.

ఇచ్చిన మాట ఒకటి ఉంది. మనిషికి ఇచ్చింది కాదు, పిట్టకు ఇచ్చింది.

కృపారాణి తల్లి ఏసమ్మ. కోదాడలో ఆడపిల్లల సర్కారు హాస్టలుకు వంట మనిషి. మొగుడు రాములు పిల్లలు చిన్నగున్నప్పుడే పోయాడు. ఆ ఇంట్లో వేరే పొయ్యి పెద్దగా వెలిగింది లేదు. కృపారాణీ, తమ్ముడు కృపాకరూ హాస్టలు పొయ్యి పక్కనే పెరిగారు. ఏసమ్మ చేతికి ఎసరంటే మనిషి మునిగే దేక్సాలో ఎసరు, గరిటె అంటే పడవ తెడ్డు. ఉప్పు దోసిలితో వేసేది. నూరుమందికి వండే చేతిలో ఒక సుఖం ఉంది. ఉప్పు ఎక్కువైతే ఆ తప్పు నూరుమంది నాలుకల మీద పంచుకుపోతుంది, ఎవరి వాటాకూ పెద్దగా రాదు. ఒక్కరికి వండితే తప్పంతా ఒక్క నోటికే. పెళ్ళి వంటవాళ్ళు ఇంట్లో అన్నం మాడ్చుకుంటారని ఊరికే అనలేదు.

బిడ్డను మాత్రం ఆ పొయ్యి దగ్గరకు రానిచ్చేది కాదు. "నా చేతులు సూడు" అనేది, కాలిన మచ్చలు చూపించి. "నీ చేతులు గిట్ల గావద్దు. పో, సదువుకో." చదివింది. మిర్యాలగూడలో డిగ్రీ, హైదరాబాదులో పరీక్షలు, ఆఖరికి ఆస్ట్రేలియా. అక్కడ దిగిన కొన్నాళ్ళకు, వీడియో కాల్లో అడిగింది:

"అమ్మా, అన్నానికి బియ్యం ఎన్ని పొయ్యాలె?"

"ఎంతమందికి?"

"ఒక్కదానికే."

ఏసమ్మ ఆలోచనలో పడింది. "నూరుమందికి అడుగు బిడ్డా, నిద్రల లేపి అడిగినా చెప్త. ఒక్కదానికి నాకేం ఎరుక? జరుండు, మీ పెద్దమ్మనడుగుత."

పెద్దమ్మ సువార్తమ్మ పక్కనే ఉంది. కోదాడలోనే పుట్టి కోదాడలోనే పెరిగిన మనిషి, మాటలో కొంచెం అవతలి జిల్లా గాలి. "ఒక్కరికి ఎవరు వండుతారే? పిట్టకు పెట్టే రోజు వండుతారు!"

"నీ నోట్ల మన్నువడ! పోరి పరాయి దేశం పోతే శకునం పలుకుతవా?"

"ఉన్న మాటే అన్నాను. తిట్టుకో."

అక్కాచెల్లెళ్ళు ఫోన్లోనే కొట్లాడుకున్నారు. కృపారాణి నవ్వింది. చివరికి ఏసమ్మ తేల్చిన లెక్క ఇది: "ఒక్కదానికని ఎన్నడు వండకు బిడ్డా. ఒక పిడికెడు ఎక్కువెయ్యి. ఎవలన్న వస్తరు."

అక్కడ ఆమె ఉండే ఇంటికి ఎవరూ వచ్చేవాళ్ళు కారు. నలుగురైదుగురు నాలుగు దేశాలవాళ్ళు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకొని ఉండే ఇల్లది. ఫ్రిజ్జులో ఎవరి అర వాళ్ళది. తల్లి చెప్పిన ఆ పిడికెడు రోజూ మిగిలేది. డబ్బాల్లో పెట్టేది, డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుకునేవి, వాసనొస్తోందని పక్క గది పిల్ల చీటీ అంటించేది. పారెయ్యడానికి చెయ్యి రాదు, అన్నం కదా. తినడానికి మనసు రాదు, నాలుగు రోజులది. మెల్లగా వండడమే మానేసింది. రొట్టె ముక్క, బిస్కెట్టు, పని చేసే దుకాణంలో మిగిలిన చల్లటి ఆలుగడ్డ వేపుళ్ళు. చదువూ పనీ నడుమ ఆకలి కూడా ఒక పని అయిపోయింది, రేపు చేద్దాంలే అని వాయిదా వేసే పని.

ఏసమ్మ రోజూ అడిగేది. తిన్నవా? తిన్న. ఏం తిన్నవ్? టమాట పప్పు. ఏదీ, చూపెట్టు. బాగా కుదిరిన ఒకనాడు పళ్ళేన్ని నాలుగు దిక్కుల నుంచి తీసి పెట్టుకున్న ఫోటోలుండేవి. అందులోంచి ఒకటి పంపేది. "మంచిగున్నది బిడ్డా" అనేది ఏసమ్మ. అంతే అనేది.

అట్లా ఉండగా ఒక రోజు, బియ్యంలో రాళ్ళేరుతూ కూచున్న ఏసమ్మ కూచున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. కృపారాణి వీసా కాయితం అప్పుడు మారుతోంది. ఆ నడుమలో దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. దాటినా, మట్టి ఆగదు కదా. తల్లిని సమాధుల తోటలో దించడం ఫోన్లోనే చూసింది.

వాళ్ళు చర్చికి పోయేవాళ్ళే. ఆదివారం తప్పరు. కానీ పోయిన మనిషికి మూడో నాడు పిట్టకు పెట్టడం మాత్రం ఈ తట్టున ఏ ఇంటివాళ్ళూ వదులుకోలేదు. పాస్టరుగారికి తెలుసు, తెలియనట్టు ఆ పొద్దు వేరే ఊళ్ళో పని పెట్టుకుంటారు. కొత్త చిన్న కుండలో ఒక్క మనిషికి సరిపడా అన్నం వండుతారు. పోయినవాళ్ళకు ఇష్టమైన కూర పెడతారు, ఆకులో వడ్డించి ఎడంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందా, పోయిన మనిషి తృప్తి పడ్డట్టు. ముట్టలేదా, మనసులో ఏదో కొరత ఉండిపోయినట్టు. అప్పుడిక ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తారు, ఆ కొరత ఏమిటో ఊహించుకుంటూ. కాకిని దేశమంతా రాయి పెట్టి కొడతారు గాని, ఆ ఒక్క పూట దాని ముందు చేతులు కట్టుకొని నిలబడనివాడు లేడు.

ఏసమ్మకు ఎండు చేపల కూర ఇష్టం. పెట్టారు. టీ గ్లాసు పక్కన పెట్టారు. కాకి వేపకొమ్మ మీద కూచుంది, మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది, దిగలేదు. పొద్దెక్కుతోంది.

కృపాకర్ ముందుకొచ్చి దండం పెట్టాడు. "అమ్మా, ఇయ్యాల్టి నుంచి తాగుడు బంద్ జేస్త."

"ఆ మాట నమ్మదురా పిట్ట, ఇంకోటి చెప్పు" అన్నారెవరో వెనక నుంచి. ఏడ్చేవాళ్ళు కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. కాకి మాత్రం కదలలేదు.

అప్పుడు సువార్తమ్మ అంది, "ఏసమ్మ పానం ఎక్కడుందో నాకు తెలుసు. ఆ పిల్లకు ఫోన్ కలపండి. తిండి తింటాందో లేదోననే ఒకటే రంది దానికి."

అక్కడ మధ్యాహ్నం. కృపారాణి దుకాణం వెనక చెత్త డబ్బాల పక్కన నిలబడి ఉంది. చేతిలో కొరికిన బిస్కెట్టు ఉంది, పొద్దున్నుంచి అదే. ఫోన్లో తమ్ముడి ముఖం, వెనక అందరి ముఖాలు. "అక్కా, పిట్ట ముడ్తలేదే" అన్నాడు. "అమ్మకు చెప్పు. మంచిగ వండుకొని తింటున్న అని చెప్పు."

చెప్పింది. బిస్కెట్టు చేతిలోనే ఉంది. "అమ్మా, నేను మంచిగ వండుకుంటున్ననే. కడుపు నిండ తింటున్న. నువ్వు రంది పెట్టుకోకు. నా మీద ఒట్టు."

ఒక్క క్షణం. తర్వాత ఫోన్లో ఒకటే గోల: "ముట్టింది! ముట్టింది! దిగిందిరో!" ఫోను గుండ్రంగా తిరిగి, ఆకాశం కనిపించి, మన్ను కనిపించి, ఆకు మీద నల్లటి రెక్క ఒకటి కనిపించింది.

ఆ రోజు నుంచి ఆమెకు మెతుకు దిగడం లేదు. తల్లి ఆ మాట నమ్మి పోయింది. బతికున్నన్నాళ్ళు ఆడిన అబద్ధాలు వేరు, రేపు నిజం చెప్పుకోవచ్చు, తిట్టు తినొచ్చు. ఇది చివరిది. తిరిగి తీసుకోవడానికి అవతల మనిషి లేదు. ముద్ద నోటి దాకా వస్తే చాలు, చెత్త డబ్బాల పక్కన నిలబడి ఒట్టు పెట్టిన తన గొంతు తనకు వినిపిస్తుంది.

చదువు తప్పింది, పని పోయింది. తిరిగొచ్చేసింది. ఏ వీసా కోసం తల్లి మట్టికి రాలేదో ఆ వీసానే లేకుండా పోయింది. కోదాడలో "మళ్ళ ఎప్పుడు పోతవ్" అని అడగని మనిషి లేడు, అందుకే సూర్యాపేటలో ఇల్లు తీసుకుంది. ఇక్కడికొచ్చాకే వంట నేర్చుకుంది నిజానికి. ఆ మాటను ఎట్లాగైనా నిజం చెయ్యాలని రోజూ ఒక్క మనిషికి ఎసరు పెట్టింది. ఎక్కువైంది, తక్కువైంది, మాడింది, పలుకైంది, ఆఖరికి కుదిరింది. వండుకుంటున్న అన్న సగం మాట నిజమైంది. తింటున్న అన్న సగం కాలేదు. వండింది సందులో ఆవు తినేది. తర్వాత పిల్లలు రావడం మొదలైంది.

భూలి అన్న మాట రెండు మూడు రోజులు చెవిలో తిరిగింది. తల్లి పోయిన రోజు దగ్గరకొస్తోంది. ఆ నాడు కోదాడ ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది, అందరూ ఉంటారు. ఒక రోజు ముందే పోదామనుకుంది. పోయి, వండిపెట్టి, నిజం చెబుదామనుకుంది. చెబితే ఏమవుతుంది? పిట్ట ముట్టదు. ముట్టకపోతే తల్లి వింటోందని తెలుస్తుంది. బిడ్డ తినడం లేదని ఇప్పటికీ బాధపడుతోందని తెలుస్తుంది. ఎవరైనా పిట్ట ముట్టాలని మొక్కుతారు. ముట్టకూడదని మొక్కుకున్నది కృపారాణి ఒక్కతే అయి ఉంటుంది. పిట్ట మొహం తిప్పుకోవాలి. పోయిన తల్లి కోపం ఒక్కసారి కనబడాలి. కనబడితే ఆకు ముందు కూచొని ఏడ్చి, ఆ అన్నం తనే తింటుంది. అంతే ఆమె కోరింది.

పొద్దున్నే లేచి ఎసరు పెట్టింది. పిడికెడు ఎక్కువ వెయ్యలేదు. ఎండు చేపలు కడిగి, టమాటాలు కోసి కూర చేసింది. టిఫిన్ డబ్బాలో సర్దుకొని కోదాడ బస్సెక్కింది. ఆ రోడ్డు మీద బస్సులో కూచుంటే మనసులో మాట మనసులో ఉండదు, పక్కవాళ్ళు లాగేస్తారు. ఒకావిడ మునగాల దాకా తన కోడలి సంగతులు చెప్పి, దిగేటప్పుడు "ఏం కూరనే గుమగుమ వాసనొస్తున్నది, ఎవలకు?" అంది. "మా అమ్మకు" అంది కృపారాణి. "పుణ్యాత్మురాలివి" అని దిగిపోయింది.

సమాధుల తోటలో ఎవరూ లేరు. తల్లి సమాధికి వేసిన సున్నం వానలకు సగం పోయింది. మోదుగాకుల విస్తరి పరిచి అన్నం పెట్టింది, కూర పెట్టింది. అందరూ చేసినట్టు ఎడంగా జరగలేదు. ఆకు పక్కనే కూచుంది.

"అమ్మా" అంది. "ఆ రోజు నేను చెప్పింది అబద్ధమే. నేను వండుకోలే. తినలే. బిస్కెట్టు తినుకుంట చెప్పిన నీకు. ఫోటోలు గూడ..."

ఫోటోలు అన్న మాట పూర్తి కాలేదు. చెవి పక్క నుంచి గాలి కొట్టింది. కాకి దిగింది. ఆమె ఎడమ మోకాలికి జానెడు దూరంలో, భయం లేదు, అనుమానం లేదు, మెడ తిప్పి చూడడం కూడా లేదు. చేప ముక్క నోట కరుచుకుంది. వెనకే ఇంకొకటి వచ్చింది. ఇంకో రెండు వచ్చాయి. అన్నం చెల్లాచెదరైంది.

"హుష్" అంది కృపారాణి. మొదట నమ్మలేనట్టు, మెల్లగా. తర్వాత లేచింది. "హుష్! పో! నేను చెప్పింది ఇనలే? పో!" చున్నీ తీసి విసిరింది, చేతులు కొట్టింది, మన్ను తీసి చల్లింది. అవి ఎగిరినట్టే ఎగిరి మళ్ళీ దిగాయి. ఊళ్ళో బిడ్డలంతా రా రమ్మని బతిమాలే పిట్టను, తల్లి సమాధి ముందు ఒక బిడ్డ తరిమి తరిమి కొడుతోంది.

"అదేం పనే! పిట్టను కొడతావా?"

సువార్తమ్మ. రేపటి కూడికకు సమాధి ఊడ్చి పోదామని చీపురు పట్టుకొని వచ్చింది. పెద్దదైపోయింది, నడుం వంగింది. ఆకు వంక చూసి ముఖం విప్పారింది. "ఎంత తొందరగా ముట్టిందో చూడు! నిమ్మళంగా ఉంది మీ అమ్మ. నీ చేతి కూర తిన్నది."

కృపారాణి మన్ను చేతులతోనే పెద్దమ్మ చేతులు పట్టుకుంది. అడగవలసింది ఒక్కటే ఉంది, అది ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు. "పెద్దమ్మా, ఆ రోజు పిట్ట నా మాటకే ముట్టిందా? అమ్మ నమ్మిందా?"

"ఏం మాట?"

"నేను తింటున్న అని."

సువార్తమ్మ చీపురు ఆనించి సమాధి అంచున కూచుంది. మోకాళ్ళు రుద్దుకుంటూ, నవ్వుతూనే చెప్పింది. అందులో దాచవలసింది ఏముందని ఆమెకు తోచలేదు.

"పిచ్చిదానా. ఆ రోజు పొద్దున్నించీ మేం ఆకు చుట్టూ గుంపు కట్టి నిలబడితిమి. పిట్ట ఎట్లా దిగుతాది? నీ ఫోను వచ్చేసరికి అందరూ నీ మొకం చూద్దామని కృపాకర్ మీద పడ్డారు. ఆకు కాడ మనిషి లేడు. దిగింది, తిన్నది. ఆకలైతాది గదా దానికీ."

"మరి అమ్మ?"

"మీ అమ్మా? మీ అమ్మ నమ్మేదా! నువ్వు పంపేదానివి చూడు, పళ్ళెం ఫోటోలు. రోజూ నాకు చూపెట్టేది. 'అక్కా, ఈ టమాట ముక్క చూడు, మొన్న గూడ గీడనే ఉన్నది, గట్లనే వంకరగ. నూరు పళ్ళాలు వడ్డించిన నేను, ఒక్క ముక్క యాడుందో నాకు ఎరుకలేదా' అనేది. పోరి తింటలేదని అప్పుడే తెలుసు దానికి. నాకు చెప్పుకొని ఏడ్చేది. నీతో అనొద్దని ఒట్టు పెట్టించుకుంది, నువ్వు చిన్నబోతావని." చెప్పేసి కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడింక ఏముందిలే. తిన్నావా పొద్దున?"

"తిన్న" అంది కృపారాణి.

ఆకు మీద ఏమీ మిగల్లేదు. కాకులు గోడ మీద కూచొని ముక్కులు రుద్దుకుంటున్నాయి. అవి అబద్ధానికి దిగాయి, నిజానికీ దిగాయి. ఇన్నేళ్ళూ ఆమె కాపాడుకుంటూ వచ్చిన నేరం ఒకటుండేది, తల్లిని మోసం చేసి సాగనంపానని. అది బరువే, కానీ ఆ బరువులో తల్లి చివరకు నిశ్చింతగా పోయిందన్న ఒక్క మెతుకు దాగి ఉండేది. ఇప్పుడు అదీ లేదు. తల్లి మోసపోలేదు. తెలిసీ, మంచిగున్నది బిడ్డా అని, రాళ్ళేరుతూ ఆ రందితోనే ఒరిగిపోయింది. ఆ తర్వాత ఎవరు ఎవరికి ఏం చెప్పినా వినేవాళ్ళు లేరు. ఉన్నవి కాకులే.

పెద్దమ్మ ఇంటికి రమ్మంది, రేపటిదాకా ఉండమంది. పిల్లలకు పాఠముందని చెప్పి వచ్చేసింది. బస్సులో ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూచుంది. రోడ్డు పక్క హోటళ్ళన్నీ మసాలా వాసనలతో కిటికీలోంచి వచ్చి పోయాయి.

మెట్ల మీద సుకన్య, భూలి ఎదురు చూస్తున్నారు. ఆఖరి పాఠం. ఆ వారంలోనే పిల్ల ప్రయాణం. పొద్దు వాలేలోపల మిర్యాలగూడ బస్సు అందుకోవాలని భూలి తొందర. ఇవాళ కృపారాణి పక్కన నిలబడిందే గాని చెయ్యి పెట్టలేదు. సుకన్యే అన్నీ చేసింది. బియ్యం కడిగింది, ఎసరు పోసింది, సన్న సెగ మీద మూత అడ్డం పెట్టి చప్పుడు లేకుండా పోపు పెట్టింది. టమాట పప్పు. ఒక్క మనిషికి సరిగ్గా సరిపోయింది, మెతుకు ఎక్కువ కాలేదు.

"నేర్సుకున్నది" అంది భూలి, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకొని. "ఇగ నాకు రంది లేదు." బస్సు టైము అడిగి వస్తానని కిందికి పోయింది.

సుకన్య పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పు పోసి, పక్కన టమాట ముక్క పెట్టింది. ఫోన్ తీసి ఫోటో కొట్టింది. కొట్టి, తెరలో చూసుకొని నవ్వింది.

"అక్కా, మంచిగ వచ్చింది. వండుకోని రోజు గూడ మా యాడీకి ఇదే పంపొచ్చు."

కృపారాణి ఆ పిల్ల ముఖం చూసింది. చెప్పవలసిన మాట నాలుక దాకా వచ్చింది, ముద్ద వచ్చినట్టే వచ్చింది, అక్కడే కూచుంది. మెట్ల మీద భూలి అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

పళ్ళెం తన దగ్గరికి జరుపుకుంది. చెంచా తీసుకొని టమాట ముక్కను ఈ అంచు నుంచి ఆ అంచుకు నెట్టింది. అన్నాన్ని కొంచెం చెదరగొట్టింది.

"ఇంకోటి తీయి" అంది.

పిల్లకు అర్థం కాలేదు. తీసింది. కృపారాణి ముక్కను మళ్ళీ జరిపింది, పప్పులో సగం ముంచింది, పళ్ళేన్ని కొంచెం తిప్పింది.

"ఇంకోటి."